సిస్టరమ్మని అడగండి: అద్దాల గదిలో పని చేయాలని ఉంది

(ముప్పై మూడేళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా, అందులో చివరి పన్నెండేళ్లు నవజాత శిశువుల వార్డు ఇన్‌చార్జిగా పనిచేసి రిటైరైన సిస్టరమ్మ ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: నేను ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పార్వతీపురం దగ్గర పల్లె. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా తమ్ముడు ఏడో నెలలోనే పుట్టాడు. కిలో రెండు వందల గ్రాములు. ముప్పై నాలుగు రోజులు పెద్దాసుపత్రిలో అద్దాల గదిలో ఉంచారు. నాన్నతో వెళ్లి అద్దంలోంచి చూసేదాన్ని. లోపల ఒక సిస్టర్ వాడికి చిన్న గిన్నెతో పాలు పట్టడం ఇప్పటికీ కళ్లలో ఉంది. ఇప్పుడు వాడు మూడో తరగతి, ఇంట్లో ఎవర్నీ నిలవనివ్వడు. అప్పటినుంచీ నేనూ ఆ గదిలో పనిచేయాలని అనుకుంటున్నాను. నాకు పసిపిల్లలంటే ప్రాణం. అమ్మ మాత్రం ‘నైట్ డ్యూటీలు, మంచి సంబంధాలు రావు, అయినా కోడిపిల్ల చచ్చిపోతే అన్నం మానేసేదానివి, నీ వల్ల ఏమవుతుంది’ అంటోంది. ఏం చదవాలి? ఏడుపు వచ్చేవాళ్లు ఈ పనికి పనికిరారా?

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ తమ్ముడి కోసం, రెండోసారి ఆ చిన్న గిన్నె కోసం. దాన్ని మేం పాలడై అంటాం. మీ అమ్మమ్మని అడిగితే ఉగ్గుగిన్నె అంటుంది. ఒక పక్క సన్నగా ముక్కు తీసి ఉంటుంది. ముప్పై నాలుగు వారాలు నిండని బిడ్డకు పాలు చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ ఒక వరసలో చేయడం చేతకాదు. అందుకే ముందు సన్నటి గొట్టం వేసి నేరుగా పొట్టలోకి పాలు పంపిస్తాం. కాస్త మింగడం వచ్చాక ఉగ్గుగిన్నె. ఆ తర్వాత తల్లి రొమ్ము. ఆ సిస్టర్ చేతిలో గిన్నె నీకు కనిపించిందంటే అప్పటికే నీ తమ్ముడు గొట్టం గండం దాటేశాడన్నమాట. అద్దం ఇవతల ఉన్న మీకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. అదే మా లోపం. పనిలో పడి చెప్పడం మర్చిపోతాం.

‘ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు’ అని మన ఊళ్లలో ఒక మాట ఉంది. నా సర్వీసంతా దీంతో కొట్లాడాను. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డని చూసి ‘ఇంకెందుకమ్మా గొట్టాలు, తీసేయండి’ అన్న ముసలమ్మలు ఉన్నారు. కడుపులో ఎన్ని వారాలు ఎక్కువ ఉంటే బిడ్డకి అంత బలం. ఎనిమిది ఎప్పుడూ ఏడు కన్నా మేలే. నువ్వు నర్సువి కాకపోయినా ఈ ఒక్క సంగతి మీ ఊళ్లో చెప్పు.

ఇక అసలు మాట. పిల్లలంటే ప్రాణం అన్నావు. మా వార్డుకి కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయీ మొదటిరోజు ఇదే అంది. తప్పేం లేదు. కానీ అక్కడ పిల్లల్ని ఎత్తుకుని ముద్దులాడే పని ఉండదు. నెలలు నిండని బిడ్డని మనం ఎంత తక్కువ తాకితే అంత మంచిది. చర్మం తడిసిన కాగితంలా ఉంటుంది. ప్లాస్టర్ తొందరపడి లాగితే దాంతోపాటు చర్మం కూడా లేచొస్తుంది. లైట్లు తగ్గిస్తాం, గొంతులు తగ్గిస్తాం. వార్మర్ (బిడ్డని వెచ్చగా ఉంచే మంచం) అంచు మీద కేస్‌షీటు టప్‌మని పడేసిన హౌస్‌సర్జన్‌ని నేను బయటికి పంపించాను కూడా. ఆ గదిలో మన పని కనిపెట్టుకుని ఉండడం. బిడ్డ ‘నాకు బాగాలేదు’ అని చెప్పదు. పెద్దవాళ్ల వార్డులో పేషెంటు మూలుగుతాడు, పిలుస్తాడు, తిడతాడు. ఇక్కడ అన్నీ నువ్వే చూసి తెలుసుకోవాలి.

ఒక రాత్రి సంగతి చెబుతాను. కిలో ఆరు వందల గ్రాముల మగబిడ్డ, రెండు వారాల వాడు. రెండు గంటలకోసారి గిన్నెతో ఇరవై మిల్లీలీటర్లు తాగేస్తున్నాడు. రాత్రి రెండింటి పాలల్లో పన్నెండు తాగి మిగతావి నోట్లోనే పెట్టుకున్నాడు. మానిటర్ మీద అంకెలన్నీ బాగానే ఉన్నాయి. టెంపరేచర్ సరిగానే ఉంది. కానీ పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి, పొట్టేమో వెచ్చగా ఉంది. రంగు కొంచెం మట్టిపట్టినట్టు అనిపించింది. డ్యూటీ డాక్టర్ని లేపి ‘సార్, వీడు నిన్నటిలా లేడు’ అన్నాను. ‘ఏముంది సిస్టర్, అన్నీ నార్మలేగా’ అన్నాడు. ‘అన్నీ నార్మలే, కానీ నిన్నటిలా లేడు’ అని మళ్లీ అదే అన్నాను. విసుక్కుంటూనే వచ్చి, రక్తం తీసి పంపించి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాడు. తెల్లవారుజామున ఐదింటికి వాడు ఊపిరి ఆపేశాడు. మేం వాడి పక్కనే ఉన్నాం, మందు అప్పటికే లోపలికి వెళ్లింది, ఊపిరి అందించే బ్యాగు, మాస్కు చేతిలోనే ఉన్నాయి. బతికాడు. రెండ్రోజులకి రిపోర్టు వచ్చింది, రక్తంలో ఇన్ఫెక్షన్. ఎనిమిది మిల్లీలీటర్ల పాలు మిగిలాయని చార్టులో రాసి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు. ఆ డాక్టరు ఆ తర్వాత నేను లేపితే చెప్పులు వేసుకోకుండా వచ్చేవాడు.

కామెర్ల బిడ్డని నీలం లైటు కింద పడుకోబెట్టడం చూసే ఉంటావు. దాని వెనక ఉన్నది కూడా ఒక నర్సు కన్నే. 1956లో ఇంగ్లండ్‌లో, ఎసెక్స్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అని ఒకావిడ నెలలు నిండని పిల్లల్ని కాసేపు బయట ఎండలోకి తీసుకెళ్లేది. ఒక బిడ్డ ఒంటి మీద పసుపు తగ్గి, దుప్పటి కప్పిన చోట మాత్రం పచ్చగా ఉండిపోవడం ఆవిడ గమనించింది. డాక్టర్లకి చూపించింది. అక్కడినుంచి పరిశోధన మొదలై, వెలుతురుతో కామెర్లు తగ్గించవచ్చని 1958లో డాక్టర్ క్రెమర్ బృందం లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించింది. మన ఊళ్లలో పసిబిడ్డని నీరెండలో పెట్టడం అలవాటే కదా, అయినా దుప్పటి అంచు దగ్గర రంగు మారిందని చూసింది ఆవిడ. (అలాగని పచ్చబడిన బిడ్డని ఎండలో పెట్టి ఇంట్లోనే ఉండిపోకండి. మోతాదు దాటిన కామెర్లు మెదడుకి ఎక్కుతాయి. ఆసుపత్రికి తీసుకురావాలి.)

చూడడం ఒకటి, లెక్క ఇంకొకటి. నీకు లెక్కలంటే భయమా? బైపీసీ పిల్లలు చాలామంది లెక్కలు తప్పించుకోవడానికే ఇటు వస్తారు, నేనూ అలాగే వచ్చాను. ఈ వార్డులో మాత్రం తప్పించుకోలేవు. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సీసా రెండు మిల్లీలీటర్లు, అందులో 80 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మీ తమ్ముడంత బిడ్డకి డాక్టరు 6 మిల్లీగ్రాములు రాశారనుకో. అంటే 0.15 మిల్లీలీటర్లు. చుక్క ఒక్క స్థానం జరిగితే 1.5. పది రెట్లు. పెద్దవాళ్లకి ఇచ్చినంత మందు ఒక గుప్పెడు బిడ్డలోకి వెళ్లిపోతుంది, కిడ్నీలూ చెవులూ పోతాయి. ఈ వార్డుకి వచ్చిన రెండో ఏడాదిలో నేను సరిగ్గా ఆ తప్పే చేశాను. సిరంజిలో మందు ఎక్కించి వార్మర్ దాకా వెళ్లాను. మా సీనియర్ సిస్టర్ ‘ఒక్క మిల్లీలీటరు సిరంజి కాకుండా రెండుది ఎందుకు పట్టుకున్నావే?’ అంది. అంతే. కేకలు వేయలేదు. చేతిలోంచి సిరంజి తీసుకుని సింకులో పారబోసి, మళ్లీ లెక్క వేయించింది. ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత ఇన్‌చార్జినయ్యాక, ప్రతి డోసూ ఇంకొకరు చూసి సంతకం పెట్టందే ఇవ్వకూడదని రూలు పెట్టాను. కొత్తవాళ్లు ‘మేడమ్‌కి చాదస్తం’ అనేవారు. అననీ.

ఆక్సిజన్ సంగతీ అంతే. ఎక్కువ ఇస్తే మంచిదేగా అనుకుంటారు ఇంటివాళ్లు. నెలలు నిండని బిడ్డకి ఆక్సిజన్ పెడితే శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90కీ 95కీ మధ్య ఉండేలా చూసుకుంటాం. తక్కువైతే ప్రాణానికి, ఎక్కువైతే కళ్లకి ముప్పు. కంటి వెనక రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోవచ్చు. అందుకే ఇలాంటి పిల్లలకి నెల తిరిగేలోపే కంటి డాక్టరు చేత చూపించాలి. ఈ తేదీ డిశ్చార్జి కాగితం మీద ఎర్ర పెన్నుతో రాసేదాన్ని. తప్పించుకు తిరిగేవాళ్లకి ఫోన్ చేసి మరీ పిలిపించాను.

ఇక ఏడుపు. ఏడుపు వచ్చేవాళ్లు పనికిరారా అని అడిగావు. నా అనుభవంలో అసలు ఏడుపు రానివాళ్లతోనే నాకు భయం. బిడ్డలు చనిపోతారు, తల్లీ. అది దాచి నిన్ను ఈ చదువులోకి పంపించడం నాకు ఇష్టం లేదు. చనిపోయిన బిడ్డకి గొట్టాలు తీసి, ఒళ్లు తుడిచి, మెత్తటి తెల్లగుడ్డలో చుట్టి, తండ్రి చేతికి ఇవ్వాల్సింది కూడా నువ్వే. మొదటిసారి నేను స్టోర్‌రూమ్‌లో దూది కట్టల మధ్య కూర్చుని ఏడ్చాను. అయితే పక్క వార్మర్ మీద ఇంకో బిడ్డ అలారం మోగింది. లేచి చేతులు కడుక్కుని వెళ్లాను. ఏడవొచ్చు. అలారం వినపడనంతగా ఏడవకూడదు, అంతే. కోడిపిల్ల కోసం అన్నం మానేసినా, మిగతా కోళ్లకి గింజలు వేశావా లేదా? వేసి ఉంటే మీ అమ్మకి ఆ మాట గుర్తుచేయి.

నవ్వులూ ఉంటాయి. బిడ్డని తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనించి గంటల తరబడి ఉంచే పద్ధతిని కంగారూ కేర్ అంటాం. కంగారూ తన పిల్లని సంచిలో పెట్టుకున్నట్టు. 1978లో కొలంబియా దేశంలో బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ రే అనే ఆయన మొదలుపెట్టారు. వెచ్చదనానికి వెచ్చదనం, పాలకి పాలు, ఇన్ఫెక్షన్లూ తగ్గుతాయి. ఒక ముసలమ్మకి నేను ‘కంగారూ చేయించాలమ్మా’ అంటే ‘చాల్లే సిస్టరమ్మా, నాలుగు రోజులుగా మా ఇంటిల్లిపాదికీ అదేగా పని’ అంది. తల్లి ఆపరేషన్ నొప్పితో లేవలేకపోతే తండ్రి చేతా చేయిస్తాం. ఆటో నడిపే ఒకబ్బాయి చొక్కా గుండీలు విప్పడానికి సిగ్గుపడి అరగంట తలుపు దగ్గరే నిలబడ్డాడు. తీరా బిడ్డని గుండె మీద పెట్టాక, రెండు గంటలైనా తిరిగి ఇవ్వనంటాడు!

చదువు సంగతి. ‘పసిపిల్లల నర్సు’ అని ఇంటర్ తర్వాత నేరుగా చేరే కోర్సు లేదు. ముందు నువ్వు మామూలు నర్సువి కావాలి. రెండు దారులు: బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, జీఎన్ఎం (నర్సింగ్, కాన్పుల పని నేర్పే డిప్లొమా) మూడేళ్లు. నీకు బైపీసీ ఉంది, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ మార్కులు కలిపి 45 శాతం దాటితే బీఎస్సీకి అర్హత వస్తుంది (ఎస్సీ, ఎస్టీలకు సడలింపు ఉంది). నా సలహా బీఎస్సీయే. ప్రవేశం ఏ ర్యాంకు మీద అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకో. ఆంధ్రలో విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్ కాళోజీ విశ్వవిద్యాలయం చూస్తాయి. మంగళగిరి ఎయిమ్స్‌లో చదవాలంటే ఎయిమ్స్ వాళ్ల ప్రవేశ పరీక్ష వేరే ఉంది, అది కూడా రాయి. చదువయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అది లేకపోతే నువ్వు నర్సువి కాదు.

ప్రైవేటు కాలేజీలో చేరాల్సి వస్తే బిల్డింగు చూసి మోసపోకు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలకి సరిపోయిందా, రాష్ట్ర కౌన్సిల్ అనుమతి ఉందా చూడు. గేటు దగ్గర ఫైనలియర్ పిల్లలు కనిపిస్తే ‘లేబర్‌రూమ్ పోస్టింగ్ ఎక్కడ వేశారు, నీ చేత్తో ఎన్ని కాన్పులు చూశావు’ అని అడుగు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే బస్సెక్కి వచ్చెయ్యి. పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోనే ఊపిరి అందించాలి. బొమ్మ మీద ఎన్నిసార్లు చేసినా, ఆ ఒక్క నిమిషం ఎంత చిన్నదో నిజంగా పక్కన నిలబడితేగానీ తెలియదు.

డిగ్రీ చేతికొచ్చాక ఒక ఏడాదైనా పసిపిల్లల యూనిట్‌లో పనిచేయి. ఆ తర్వాత కావాలంటే పిల్లల నర్సింగ్‌లో ఎమ్మెస్సీ రెండేళ్లు, లేదంటే నియోనేటల్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. జిల్లా ఆసుపత్రుల్లోని ఎస్ఎన్‌సీయూల్లో (నవజాత శిశువుల ప్రత్యేక యూనిట్లలో) చాలా పోస్టులు జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు పద్ధతిలోవే. రెగ్యులర్ వాళ్లతో సమానంగా పని, జీతం మాత్రం సమానం కాదు. ఈ మాట మీ నాన్నకి ముందే చెప్పు. బయటి దేశాలకి వెళ్లేవాళ్లూ ఉన్నారు, ఈ అనుభవానికి అక్కడ గిరాకీ ఉంది. కానీ అది తర్వాతి ముచ్చట.

మీ అమ్మకి నా మాటగా చెప్పు: నైట్ డ్యూటీ నిజమే, రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా. నడుము పడిపోతుంది, పండగలు పోతాయి. మా పెద్దమ్మాయి మొదటి పుట్టినరోజుకి నేను వార్డులో ఉన్నాను, అది ఇప్పటికీ దెప్పుతుంది. సంబంధాల మాటా అబద్ధం కాదు. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లలో మొదటాయన ‘నర్సా?’ అని కాఫీ కూడా తాగకుండా లేచాడు. రెండోవారు కాఫీ తాగారు. ముప్పయ్యేళ్లుగా నైట్ డ్యూటీ ఉన్నరోజు నా క్యారేజీ కట్టింది ఆయనే. పప్పులో ఉప్పెక్కువేసేవారు, అది వేరే సంగతి.

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం అబ్బాయిని. నవజాత శిశువుల యూనిట్ పోస్టింగ్‌లో నాకు బాగా నచ్చింది. మగవాళ్లకి అక్కడ ఉద్యోగాలు ఇస్తారా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇస్తారు, కానీ తక్కువ. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకి, 20 శాతం మగవాళ్లకి. కొన్ని ఆసుపత్రులు తల్లులు పాలిచ్చే చోటని మగ నర్సులని పెట్టడానికి వెనకాడతాయి. ఆ మొహమాటం నాకు అర్థమవుతుంది. తల్లి అనుమతి అడిగి, తెర వేసి, పక్కన ఆడ నర్సు ఉండగా పని చేస్తే సరిపోతుందని నా ఉద్దేశం. నా దగ్గర ఒకబ్బాయి రెండేళ్లు చేశాడు. చేతులు అంతంత పెద్దవి, కానీ వెంట్రుకంత నరం మొదటి పోటులో అందుకునేవాడు. ఎవరికీ దొరకని నరమైతే వాడినే పిలిచేవాళ్లం. మీరు వెంటిలేటర్, సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) బాగా నేర్చుకోండి. ఆ పని తెలిసినవాళ్లని పెద్ద యూనిట్లు మగా ఆడా అని చూడకుండా తీసుకుంటాయి.

ప్రశ్న: వయసు 34. జీఎన్ఎం చేసి తొమ్మిదేళ్లుగా జనరల్ వార్డులో చేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. ఇప్పుడు పసిపిల్లల విభాగానికి మారితే ఆలస్యమైనట్టా? – ఒక సోదరి, తణుకు

జవాబు: ఏం ఆలస్యం కాలేదమ్మా. నేను ఆ వార్డుకి వెళ్లేసరికి నాకు నలభై దాటాయి. అప్పటిదాకా సర్జికల్ వార్డులో డ్రెస్సింగులు చేసినదాన్ని. ట్రైనింగుకని హైదరాబాద్ నీలోఫర్‌కి పంపించారు. నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే ఒకావిడ కాన్పులో చనిపోతే, ఆ బాధతో నీలోఫర్ పూనుకుని పెట్టించిన ఆసుపత్రి అది, 1953 నుంచి ఉంది. అక్కడ వరసగా అన్ని వార్మర్లు చూసి మొదటిరోజు నాకు కాళ్లు వణికాయి.

ప్రభుత్వ యూనిట్లో చేరితే నాలుగు రోజుల క్లాసు, తర్వాత రెండు వారాలు పెద్ద యూనిట్లో ఉండి నేర్చుకునే శిక్షణ ఉంటుంది. ప్రైవేటులో అయితే మీరే అడిగి సాధించుకోవాలి. చేరే ముందు ఇన్‌చార్జిని ఒకటే అడగండి: ‘నైట్‌లో ఒక నర్సుకి ఎంతమంది పిల్లలు?’ వెంటిలేటర్ మీద ఉంటే ఒక బిడ్డకి ఒక నర్సు, మామూలుగా అయితే ముగ్గురు నలుగురికి ఒకరు అంటే చేరండి. ‘ఎనిమిది మంది, అప్పుడప్పుడు పదీ’ అని తేలిగ్గా చెప్పేస్తే, జీతం రెండు వేలు ఎక్కువిస్తామన్నా ఆ యూనిట్ వద్దు.